అడవిలో కట్టడాలు, మరమ్మతులు: విశాఖ నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

కంబాలకొండ లాంటి రక్షిత అడవుల్లో పనికి దిగే కాంట్రాక్టర్లు, సైట్ ఇంజినీర్లు, అటవీశాఖలో కొత్తగా పనుల బాధ్యత తీసుకున్నవాళ్లు, పక్క ఊళ్ల తాపీ మేస్త్రీలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులివి. నేను సివిల్ పనులు చూసే మనిషిని. చట్టం గురించి ఇక్కడ రాసింది పనికి అవసరమైనంత మేరకే. మీ పనికి వర్తించే షరతుల కోసం అనుమతి పత్రమే చూసుకోండి.

విశాఖలో జాతీయ ఉద్యానమే లేదు కదా, ఈ గొడవంతా మనకెందుకు?

నిజమే, లేదు. ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ ఉద్యానాలు మూడు: శేషాచలం కొండల్లో శ్రీ వేంకటేశ్వర, గోదావరి వైపు పాపికొండ, కడప జిల్లాలో రామేశ్వరం దగ్గరున్న రాజీవ్ గాంధీ ఉద్యానం. మనకు దగ్గరగా ఉన్నది 2008లో ప్రకటించిన పాపికొండ. నగరాన్ని ఆనుకుని ఉన్నది మాత్రం కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉన్న అడవి ఇది. 2002లో అభయారణ్యం అయింది. విస్తీర్ణం 70 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. హనుమంతవాక నుంచి మధురవాడ వెళ్లే జాతీయ రహదారి పక్కనే ఉంటుంది. అంటే రోజూ వేల బండ్లు తిరిగే రోడ్డుకి కూతవేటు దూరంలో చిరుతపులి బతికే అడవి ఉందన్నమాట.

అభయారణ్యానికీ జాతీయ ఉద్యానానికీ నిర్మాణ నియమాలు చాలావరకు ఒకటే. ఇక్కడ సరిగ్గా పని నేర్చుకున్న మేస్త్రి రేపు పాపికొండకి వెళ్లినా తడబడడు.

మరి రెండిటికీ తేడా ఏమిటి?

రెండూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకే వస్తాయి. జాతీయ ఉద్యానంలో ప్రైవేటు హక్కులేవీ మిగలవు, భూమి హక్కులన్నీ ప్రభుత్వానివే. పశువుల మేత నిషేధం. అభయారణ్యంలో కొన్ని పాత హక్కులు కొనసాగవచ్చు, మేతను నియంత్రించి అనుమతించవచ్చు. పని చేసేవాడికి దీని అర్థం ఒకటే: అభయారణ్యంలో మీ సైట్ దగ్గరకి ఊరి మనుషులు, పశువులు రావచ్చు. కాబట్టి తవ్విన గోతులకి కంచె కట్టడం, పాత కాలిబాటలు మూసుకుపోకుండా చూడటం కూడా మీ ప్లాన్‌లో ఉండాలి.

లోపల ఏం కట్టొచ్చు, ఏం కట్టకూడదు?

అడవి నిర్వహణకు అవసరమనుకుంటే రోడ్లు, వంతెనలు, భవనాలు, కంచెలు, గేట్లు కట్టించే అధికారం చట్టంలోని 33వ సెక్షన్ ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి ఉంది. బేస్ క్యాంపు, వాచ్ టవర్, చెక్‌డ్యామ్, నీటి తొట్టి, కల్వర్టు లాంటివి ఈ కోవలోకి వస్తాయి. అవి కూడా ఆమోదం పొందిన మేనేజ్‌మెంట్ ప్లాన్‌కి లోబడే ఉండాలి. ప్లాన్‌లో లేని పనికి ఎస్టిమేటు వేయించుకుని తిరగడం వృథా.

వ్యాపారం కోసం కట్టే టూరిస్టు లాడ్జీలు, హోటళ్లు, జూలు, సఫారీ పార్కులకు జాతీయ వన్యప్రాణి బోర్డు ముందస్తు ఆమోదం కావాలి. 2022 సవరణతో ప్రభుత్వ లాడ్జీలనూ ఇందులో స్పష్టంగా చేర్చారు. "గవర్నమెంటు పనే కదండీ" అనే మాట ఇక్కడ చెల్లదు.

బయటి సంస్థ రోడ్డో, పైపులైనో, కరెంటు లైనో వేయాలంటే?

దరఖాస్తు కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో పెట్టాలి. ముఖ్యమంత్రి అధ్యక్షతన ఉండే రాష్ట్ర వన్యప్రాణి బోర్డు సిఫారసు, ఆ తర్వాత జాతీయ బోర్డు స్టాండింగ్ కమిటీ పరిశీలన ఉంటాయి. అది అటవీ భూమి కూడా అయితే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి వేరే తీసుకోవాలి. 2023లో ఈ చట్టం పేరు మారింది, అనుమతి అవసరం పోలేదు.

నేను గట్టిగా చెప్పే మాట: అనుమతి చేతికి రాకముందే టెండరు తేదీ ఖాయం చేసుకోవద్దు. అలా చేసినచోట కూలీలని దించేసి, మిషన్లకి అద్దె కట్టుకుంటూ, "ఈలోపు కొంచెం చదును చేసేద్దాం" అనే టెంప్టేషన్‌లో పడతారు. ఆ కొంచెం చదునే కేసు అవుతుంది.

గెడ్డ (కొండవాగు) దారి కాస్త మళ్లిస్తే పని తేలికవుతుంది. మళ్లించొచ్చా?

వద్దు. దీని గురించి చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. చెట్టు కొట్టకూడదు, జంతువుని కొట్టకూడదు అని అందరికీ తెలుసు. కానీ అభయారణ్యంలోకి వచ్చే నీటినిగానీ, బయటికి పోయే నీటినిగానీ మళ్లించడం, ఆపడం, చివరికి పెంచడం కూడా పర్మిట్ లేకుండా చేయకూడదని 29వ సెక్షన్ చెబుతోంది. జాతీయ ఉద్యానానికి ఇదే మాట 35వ సెక్షన్‌లో ఉంది. వన్యప్రాణుల మేలు కోసమే అని ప్రభుత్వం నమ్మితే తప్ప ఆ పర్మిట్ రాదు.

కల్వర్టు కట్టేటప్పుడు తాత్కాలికంగా అడ్డుకట్ట వేయడం, పైపు పెట్టి నీళ్లు పక్కకి పంపడం మనకి ఊళ్లో మామూలు పని. అడవిలో ఆ తాత్కాలిక ఏర్పాటుని కూడా డ్రాయింగ్‌లో చూపించి అనుమతి తీసుకోవాలి. కంబాలకొండ, సింహాచలం కొండల మీద పడిన వాన గెడ్డల వెంట కిందికి దిగి ముడసర్లోవ లాంటి జలాశయాలకు చేరుతుంది. పైన చేసిన పొరపాటు కింద నీళ్లు తాగే జనానికి బురదై వస్తుంది. అందుకే గెడ్డ పనిని ఎండాకాలంలో గెడ్డ ఎండినప్పుడే పెట్టుకుంటే ఈ తలనొప్పి చాలావరకు తప్పుతుంది.

చెట్టు అడ్డొస్తే? ఎండిపోయిన చెట్టైనా తీయకూడదా?

అలైన్‌మెంట్ మార్చండి. రక్షిత అడవిలో బాటకీ గోడకీ వంపు తిరిగే స్వేచ్ఛ ఉండాలి. తిన్నగా గీత గీసిన డ్రాయింగ్ కొండ మీద ఎలాగూ నిలవదు.

ఎండిన, జబ్బుపడిన, గాలికి పడిపోయిన చెట్లని, గడ్డిని కూడా జాతీయ ఉద్యానాలు, అభయారణ్యాల నుంచి తరలించకూడదని సుప్రీంకోర్టు 2000 ఫిబ్రవరి 14న ఆదేశించింది. బాటకి అడ్డంగా పడిన మానుని అధికారుల సమక్షంలో పక్కకి జరిపి అక్కడే వదిలేయడం సరైన పద్ధతి. ఆ మాను కుళ్లుతూ పురుగులకి, బల్లులకి, పుట్టగొడుగులకి ఇల్లవుతుంది. సెంట్రింగ్‌కి, వంటకి దాన్ని వాడుకుందామనే ఆలోచన మొదటిరోజే మానుకోవాలి. కర్రలు, షీట్లు అన్నీ బయటినుంచే తెచ్చుకోండి, పని అయ్యాక లెక్కపెట్టి తీసుకెళ్లండి.

మట్టి, రాయి, ఇసుక, నీళ్లు అక్కడే తీసుకోవచ్చా?

తీసుకోకూడదు. ఎస్టిమేటులో లీడ్ (సామాను మోసుకొచ్చే దూరం) బయటి క్వారీ నుంచే లెక్క వేయండి. పునాది తవ్వగా వచ్చిన మట్టిని ఎక్కడ వాడాలో ముందే రాసుకోండి. పైపొర మట్టిని మాత్రం విడిగా ఒక కుప్పగా పెట్టి, పని చివర్లో పైన పరిచేయాలి. గడ్డి విత్తనాలు ఉండేది ఆ జానెడు మందంలోనే.

బయటినుంచి తెచ్చే మట్టితో ఇంకో చిక్కుంది. ఖాళీ స్థలాల మట్టిలో వయ్యారిభామ విత్తనాలు వస్తాయి. ఒకసారి అడవిలో మొలిస్తే పీకడానికి ఏళ్లు పడుతుంది. అందుకే గ్రావెల్ అయితే క్వారీ నుంచి నేరుగా రావాలి. నగరంలో కూల్చిన ఇళ్ల రబ్బిష్ అసలు లోపలికి రాకూడదు.

పని ఏ నెలల్లో పెట్టుకోవాలి?

విశాఖకి నైరుతి వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా, ఆపైన అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా కార్చిచ్చు కాలం. వేసవిలో జంతువులన్నీ నీటి చుట్టూ చేరతాయి. ఇవన్నీ తీసేస్తే భారీ పనికి మిగిలేది డిసెంబరు, జనవరి నెలలు. అంతే.

కాబట్టి పేపరు పని అంతా వానాకాలంలోనే ముగించాలి. సర్వే, ఎస్టిమేటు, శాంక్షన్, టెండరు, అగ్రిమెంటు నవంబరుకల్లా అయిపోతే డిసెంబరులో గునపం దించొచ్చు. మన దగ్గర జరిగేది తరచూ దీనికి తలకిందులు. ఆర్థిక సంవత్సరం ముగుస్తోందని ఫిబ్రవరిలో వర్క్ ఆర్డరు, మార్చి 31కల్లా బిల్లు. ఎండలో, నిప్పు భయం మధ్య, క్యూరింగ్‌కి (కాంక్రీటుని తడిపి ఉంచడానికి) నీళ్లు చాలక చేసిన కాంక్రీటు రెండో వానకే బీటలిస్తుంది. దీన్ని మార్చాలంటే పై అధికారులే మార్చాలి. కానీ సైట్ ఇంజినీరు ఈ కారణాన్ని ప్రతి ఏడూ రాతపూర్వకంగా పంపుతూ ఉండాలి.

చిన్న పనులకి వేరే క్యాలెండరుంది. ఫైర్ లైన్ల (మంట పాకకుండా వదిలే ఖాళీ పట్టీల) శుభ్రం జనవరి చివరికల్లా అయిపోవాలి. డ్రెయిన్లు, కల్వర్టు మూతుల్లో ఆకు తీయడం మే నెలలో. తుపాను సీజన్‌కి ముందు, అంటే సెప్టెంబరులో, రూఫ్ షీట్ల హుక్కులు, వాచ్ టవర్ బోల్టులు ఒకసారి బిగించి చూడాలి.

రోజులో పని వేళలు కూడా ముఖ్యమే. సూర్యోదయం తర్వాత మొదలుపెట్టి, చీకటి పడకముందే మనుషులు, బండ్లు అన్నీ బయటికి వచ్చేయాలి. రాత్రి స్లాబు వేయడం కుదరదు. కాబట్టి ఒక్క పగటిలో పూర్తయ్యేంత పోతకే ప్లాన్ చేసుకోండి.

ఎస్టిమేటులో జనం ఎక్కువగా మర్చిపోయేవి ఏమిటి?

తలమోత. రోడ్డు ఆగిన చోటినుంచి సైట్ దాకా సిమెంటు, కంకర మనుషులే మోయాలి. ఆ ఖర్చు వేయకపోతే కాంట్రాక్టరు జేసీబీతో దారి చేసుకోవాలని చూస్తాడు. ఇంకా నీళ్ల ట్యాంకరు, కూలీల రోజువారీ రవాణా, వంటగ్యాస్, తాత్కాలిక టాయిలెట్, చెత్త బయటికి తరలింపు, పని అయ్యాక నేలని మళ్లీ మామూలు చేయడం. వీటిని విడివిడి ఐటమ్‌లుగా రాయండి. "కాంట్రాక్టరు భరించాలి" అని ఒక్క వాక్యంలో తోసేస్తే ఎవరూ భరించరు, చివరికి అడవి భరిస్తుంది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు 1 శాతం ఎలాగూ ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం, కనీసం ఐదేళ్ల నిర్వహణ ఖర్చు అంచనా ఎస్టిమేటుకి జతచేయాలి. ఆ కాగితం లేని పనికి శాంక్షన్ ఇవ్వకూడదనేది నా అభిప్రాయం.

జేసీబీ వాడొచ్చా?

అనుమతిలో రాసి ఉంటేనే. ఉన్నా, ఉన్న రోడ్డు దాటి దిగకూడదు. బాటలు, చిన్న చెక్‌డ్యామ్‌లు, తొట్లు మనుషులతోనే చేయించండి. పేలుడు పదార్థాల ఊసే వద్దు, వన్యప్రాణులకి హాని చేసే రసాయనాలు, పేలుడు పదార్థాల వాడకాన్ని 32వ సెక్షన్ నిషేధిస్తుంది. చెదల మందు కూడా అడగకుండా కొట్టకూడదు.

కూలీలు లోపలే గుడిసెలు వేసుకుని ఉండొచ్చా?

ఉండకపోవడమే మేలు. నగరం పక్కనే ఉన్న అడవికి రోజూ ఆటోలో తీసుకొచ్చి తీసుకెళ్లడం కష్టమేమీ కాదు. అడవి అంచునే ఉన్న శంభువానిపాలెం లాంటి ఊళ్ల వాళ్లకి పని ఇస్తే ఈ సమస్యే ఉండదు. పైగా ఏ గెడ్డ ఎప్పుడు పొంగుతుందో, ఏ బాట మీద జంతువులు నడుస్తాయో వాళ్లకి తెలుసు. వన సంరక్షణ సమితి ఉన్నచోట వాళ్లతో ముందే మాట్లాడండి.

మధ్యాహ్నం భోజనం డబ్బాల్లో రావాలి. కట్టెల పొయ్యి, బీడీ రెండూ బంద్. మిగిలిన అన్నం పారబోస్తే కోతులు, అడవి పందులు అలవాటు పడతాయి, అది పని ముగిసినా పోని అలవాటు. పెంపుడు కుక్కల్ని వెంట రానివ్వకండి.

చిరుత కనిపిస్తే ఏం చేయాలి? పాము కరిస్తే?

చిరుత కనిపిస్తే పరుగెత్తకూడదు, చుట్టుముట్టకూడదు, ఫొటోల కోసం దగ్గరికి వెళ్లకూడదు. అందరూ ఒకచోటికి చేరి, దానికి దారి వదిలి, బీట్ ఆఫీసరుకి (ఆ అడవి భాగాన్ని చూసే అటవీ ఉద్యోగికి) ఫోన్ చేయండి. అలాంటి రోజు పని ఆపేయాలి. ఆ ఆపిన రోజుకి గడువు పొడిగింపు ఇస్తామని అగ్రిమెంటులోనే రాసుకుంటే కాంట్రాక్టరుకీ భయం ఉండదు.

అసలు ప్రమాదం పాములతోనే. ఇటుకల దొంతర, గోనెసంచుల కుప్ప, షీట్ల కింద నీడ వాటికి ఇష్టం. సామాను నేలకి ఎత్తుగా పేర్చండి, ఉదయం మొదటి ఇటుకని చేత్తో కాకుండా కర్రతో కదపండి, గమ్‌బూట్లు, గ్లౌజులు ఇవ్వండి. కరిస్తే తాడు బిగించి కట్టడం, గాటు పెట్టడం, నాటుమందు రాయడం ఏదీ చేయొద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషికి ధైర్యం చెప్తూ, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే పెద్దాసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి. నగరంలో అయితే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి). బండి ఎప్పుడూ సైట్ దగ్గర సిద్ధంగా ఉండాలి.

తవ్విన గోతుల గురించి రేంజరుగారు అంత పట్టుబడతారెందుకు?

సాయంత్రం మనం వదిలి వెళ్లిన పునాది గోతిలోకి రాత్రి ఎవరు దిగుతారో మనకి తెలియదు కాబట్టి. నాలుగడుగుల లోతు, నిటారు గోడలున్న కాలవలో పడిన ఉడుముకో, తాబేలుకో, కప్పకో పైకి వచ్చే దారి లేదు. ఎండెక్కేసరికి చచ్చిపోతుంది. అడవి పంది పిల్ల పడితే తల్లి అక్కడే కాచుకుని ఉంటుంది, ఉదయం వచ్చిన కూలీ మీదికి దూకుతుంది.

చేయాల్సింది చిన్నదే. రోజూ పని ముగిశాక ప్రతి గోతిలో ఒక గరుకు చెక్కని ఏటవాలుగా దించాలి. దాని మీద జానెడుకొకటి అడ్డంగా పుల్లలు కొడితే గోళ్లకి పట్టు దొరుకుతుంది. పొడవైన కాలవైతే మధ్యలో కూడా ఒకటి పెట్టండి. ఉదయం పనిలోకి దిగే ముందు ఒక మనిషి మొత్తం కాలవ పొడవునా నడిచి చూడాలి. ఏదైనా ఉంటే చేత్తో పట్టుకోకుండా బీట్ ఆఫీసరుని పిలవాలి. రేపు కాంక్రీటు వేసేంత మేరే ఈరోజు తవ్వితే ఇంకా మంచిది.

సముద్రానికి దగ్గర కదా, కట్టడానికి ఏ జాగ్రత్తలు కావాలి?

ఉప్పుగాలి ఇనుముకి శత్రువు. తీరప్రాంతపు గాలి తగిలే కాంక్రీటుని ఐఎస్ 456 (కాంక్రీటు పనుల భారత ప్రమాణం) తీవ్ర పరిస్థితి కింద లెక్కిస్తుంది. ఆర్‌సీసీకి (ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీటుకి) కనీసం ఎం30 బలం గ్రేడు, కడ్డీల మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు, నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు. కానీ అడవి పనులు చిన్నవి కదా అని ఎం20 రాసేసే ఎస్టిమేట్లు ఇప్పటికీ వస్తుంటాయి. నాలుగేళ్లకి వాచ్ టవర్ స్తంభం అంచుల్లో పగుళ్లు, ఎర్రటి చారలు కనిపించేది అందుకే.

మన దగ్గర స్లాగ్ సిమెంటు దొరుకుతుంది. ఉక్కు ఫ్యాక్టరీ బ్లాస్ట్ ఫర్నేస్‌లో వ్యర్థంగా మిగిలే స్లాగ్‌తో తయారయ్యే ఈ సిమెంటు ఉప్పుని బాగా తట్టుకుంటుంది. అయితే మెల్లగా గట్టిపడుతుంది. కాబట్టి క్యూరింగ్ 14 రోజులు చేయాలి. కొండ మీద రెండు వారాలు నీళ్లు మోయడం ఖర్చే. గోనెపట్టాలు కప్పి పైన ప్లాస్టిక్ షీటు పరిస్తే నీళ్లు సగం సరిపోతాయి. ఆ నీళ్లలో కూడా ఉప్పు ఉండకూడదు, ఆర్‌సీసీకి క్లోరైడ్లు లీటరుకి 500 మిల్లీగ్రాములు మించరాదు. తీరం దగ్గరి బోరు నీళ్లయితే పరీక్ష చేయించాకే వాడండి.

గాలి సంగతి కూడా చూడాలి. డిజైనుకి విశాఖలో లెక్కించాల్సిన ప్రాథమిక గాలివేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను దాదాపు ఆ వేగంతోనే వచ్చి చూపించింది. బేస్ క్యాంపు రేకుల కప్పు ఒక గదిదే కావచ్చు, ఎగిరితే కత్తి లాంటిది. హుక్కుల మధ్య దూరం తగ్గించండి, చూరు బయటికి ఎక్కువ పొడుచుకు రాకుండా చూడండి.

నడకబాట ప్రతి వానకీ కొట్టుకుపోతోంది. సిమెంటు వేసేయొచ్చా?

దయచేసి వద్దు. తూర్పు కనుమల్లో ఈ వైపు కొండలు ఖొండలైట్ రాయివి. అది పైన మెత్తబడి ఎర్రమట్టిగా మారుతుంది, నీళ్లు పరుగెడితే తేలిగ్గా కోసుకుపోతుంది. సిమెంటు వేస్తే నీళ్లు దాని మీద ఇంకా వేగంగా జారి, అంచు దగ్గర మట్టిని తినేస్తాయి. రెండేళ్లకి కింద బోలుగా, పైన పలకగా మిగులుతుంది. అది విరిగిన రోజు ఎవరి కాలో విరుగుతుంది.

బాటని పాడుచేసేది నడిచే జనం కన్నా బాట మీద నడిచే నీళ్లు. మందు కూడా అక్కడే ఉంది. వాన వెలిసిన గంటలోపు బాట వెంట నడవండి. ఆకులు, పుల్లలు అర్ధచంద్రాకారంలో పేరుకున్నచోట నీళ్లు మందగించాయని, సన్నటి గులకరాళ్లు తేలినచోట వేగం అందుకున్నాయని తెలిసిపోతుంది. వేగం మొదలైన చోటుకి కాస్త పైన బాటకి ఏటవాలుగా ఒక రాతివరస పాతండి. రాళ్లు మూడింట రెండు వంతులు నేలలో ఉండాలి, లేకపోతే మొదటి గుంపు కాళ్లకే ఊడిపోతాయి. కింది చివర నీళ్లు దిగేచోట నాలుగు పెద్ద రాళ్లు పరిస్తే అక్కడ గుంత పడదు. బాటంతా లోయ వైపుకి చిన్న వాలు ఇవ్వండి.

కొత్త బాట వేసేటప్పుడు ఒక లెక్క గుర్తుపెట్టుకోండి: బాట ఎక్కే వాలు, కొండ పక్కవాలులో సగం మించకూడదు. మించితే నీళ్లు బాటనే కాలవ చేసుకుంటాయి. నిటారుగా ఎక్కించాల్సిన చోట సున్నం, సిమెంటు లేకుండా రాళ్లు పేర్చి మెట్లు కట్టించండి. పేర్పు రాయి కట్టడం తెలిసిన పాత మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్లని వెతికి పిలిచి, కుర్రాళ్లని పక్కన పెట్టి నేర్పించాలి. ఈ విద్య పోతే మళ్లీ సిమెంటే గతి అవుతుంది.

నీటి తొట్లు ఎలా కట్టాలి?

పళ్లెంలా, అంచులు మెల్లగా వాలుగా. నిటారు గోడల తొట్టిలో పడిన చిన్న ప్రాణి పైకి రాలేదు. లోపలి తలం గరుకుగా ఉండాలి. నీళ్లు ట్యాంకరుతో నింపాలంటే బండి చేరగల చోటే కట్టండి, కానీ సందర్శకులకి కనబడే చోట వద్దు. వేసవికి ముందు పాచి, బురద తీసేయాలి. బ్లీచింగ్ వేయకూడదు, కొబ్బరిపీచు చాలు.

ప్రహరీ కడితే ఆక్రమణలు ఆగుతాయి కదా?

నగరం వైపు, ఇళ్ల స్థలాలు తగిలేచోట గోడ అవసరమే. మధురవాడ వైపు భూమి ధరలు తెలిసినవాళ్లెవరూ కాదనరు. కానీ గోడ కట్టే ముందు జంతువులు దాటే చోట్లని సిబ్బందితో గుర్తించి, గెడ్డ దాటే ప్రతిచోటా నీళ్లకి, ప్రాణులకి దారి వదలాలి. లోపలి సరిహద్దుల్లో ముళ్లకంచె వాడొద్దు, దుప్పులు, గబ్బిలాలు చిక్కుకుంటాయి. సర్వే రాళ్ల మీద నంబర్లు ఏటా రంగు వేయించడం గోడ కన్నా చవక, కోర్టులో గోడంత బలం.

లైట్లు పెట్టొచ్చా?

మనుషులు రాత్రి ఉండేచోట మాత్రమే. కాంతి కిందికే పడేలా మూత, పసుపు రంగు బల్బు, అవసరం లేనప్పుడు ఆరిపోయే స్విచ్. కొండ మీద ఫ్లడ్ లైట్లు వద్దు.

తుపాను తర్వాత ఏ పని ముందు?

మనుషుల లెక్క, వైర్‌లెస్, రోడ్డు, నీళ్లు. ఈ వరసలోనే. దారి తెరవడానికి ఎంత కొమ్మ కోయాలో అంతే కోయాలి, పడిన చెట్టుని శుభ్రం చేయాలనే ఆత్రం వద్దు. ప్రతి నష్టాన్నీ మరమ్మతుకి ముందు ఫొటో తీసి, చోటు గుర్తు రాసుకోండి. కూలిన చోట పాత డిజైనే మళ్లీ కట్టేముందు అది ఎందుకు కూలిందో ఒక పేజీ రాయాలి. పునాది జారిందా, హుక్కు ఊడిందా, చెట్టు మీద పడిందా అనేది తెలియకుండా ఇచ్చే ఎస్టిమేటు పాత తప్పుకి కొత్త డబ్బు పెట్టడమే.

చేతిలో డబ్బు తక్కువ. కొత్తది కట్టాలా, పాతది బాగుచేయాలా?

పాతది బాగుచేయండి. శిలాఫలకం పెట్టే అవకాశం మరమ్మతుకి ఉండదు కాబట్టి దాన్ని వెనక్కి నెడతారు. కానీ బీట్ మీద తిరిగే సిబ్బందిని అడగండి. వాళ్లకి కావాల్సింది కురవని కప్పు, తాళం పడే తలుపు, తాగే నీళ్లు, పనిచేసే మరుగుదొడ్డి. రాత్రంతా అడవిని కాసే మనిషి తడిసిన నేల మీద పడుకుంటుంటే పక్కనే కొత్త వ్యూ పాయింట్ కట్టడం న్యాయం కాదు.

ప్రతి కట్టడానికీ ఒక పేజీ ఉన్న రిజిస్టరు పెట్టండి. ఎప్పుడు కట్టారు, ఏ గ్రేడు, చివరి రంగు ఎప్పుడు, ఏ బోల్టు మార్చారు. వానాకాలానికి ముందు, తర్వాత రెండు తనిఖీలు. ఎవరూ వాడని కట్టడం కనిపిస్తే దాన్ని తీసేయమని సిఫారసు చేయడానికి వెనకాడొద్దు. కూల్చి, శిథిలాలు బయటికి పంపి, నేలని వదిలేయడం కూడా నిర్వహణలో భాగమే.

మా స్థలం అడవి సరిహద్దుకి దగ్గర. ఇల్లు కట్టుకోవచ్చా?

అది అడవి లోపలి పని కాదు కాబట్టి నియమాలు వేరు. రక్షిత అడవుల చుట్టూ పర్యావరణ సున్నిత మండలం ఉంటుంది. దాని హద్దు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. అన్ని అడవులకీ ఒకే కిలోమీటరు అన్న 2022 జూన్ నాటి ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో సవరించింది. స్థలం కొనకముందే సర్వే నంబరుతో అటవీశాఖ కార్యాలయంలో అడగండి, బ్రోకరు మాట మీద అడ్వాన్సు ఇవ్వకండి.

పని అప్పగించే రోజు ఏం చూడాలి?

కొలతలు, క్యూబ్ రిపోర్టులు (కాంక్రీటు బలం పరీక్షలు) ఎలాగూ చూస్తారు. వాటితో పాటు సైట్ చుట్టూ నేల చూడండి. బైండింగ్ వైరు ముక్కలు, మేకులు, సిమెంటు సంచుల దారాలు, గుట్కా కవర్లు, కాంక్రీటు కలిపినచోట మిగిలిన గట్టి పలక. దుప్పి డెక్కలో దిగిన మేకుకి వైద్యం చేసేవాళ్లు అడవిలో ఉండరు. తాడుకి కట్టిన అయస్కాంతాన్ని నేల మీద లాగుకుంటూ పోతే చేతికి దొరకని మేకులన్నీ అంటుకు వస్తాయి. కాంట్రాక్టరు, బీట్ ఆఫీసరు ఇద్దరూ కలిసి నడిచి చూసి సంతకాలు పెట్టాకే ఎం-బుక్కులో (కొలతల పుస్తకంలో) చివరి కొలత రాయండి.